పద్నాలుగున్నర అడుగుల కట్టె

ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్ళు కట్టెను కళ్ళతో చూసి కొనరు, చెవితో విని కొంటారు. కొండ మీద నుంచి మోపు దిగగానే ఒకరు కట్టె కొసను చెవి పక్కన దవడ ఎముకకు ఆనించుకుంటారు. ఇంకొకరు అవతలి కొసన గోటితో తడతారు. లోపల పుచ్చు లేకపోతే టంగుమని తేటగా వినిపిస్తుంది. పుచ్చుంటే జలుబు చేసిన మనిషి గొంతులా ఉంటుంది. యాసిన్ ఇంట్లో కట్టెకు చెవి ఆనించే పని చిన్నప్పటి నుంచీ ఆయన కూతురు బషీరున్నీసాది. ఆ పిల్ల చెవి ఎంత నిక్కచ్చి అంటే, వీధిలో మిగతావాళ్ళు కూడా అనుమానం కట్టెలు మోసుకొచ్చి, "నీ బిడ్డను ఒక్కసారి వినమను యాసిన్ భాయ్" అని గుమ్మంలో కూర్చునేవాళ్ళు.

ఆ చెవే ఆమెను చిక్కులో పడేసింది.

పంతొమ్మిది వందల ఎనభై రెండు జూన్‌లో బషీరున్నీసా ఆత్మకూరులో ఒక జూనియర్ కాలేజీలో చేరింది. ఎం.పి.సి. గ్రూపు. గరిటెల వీధి నుంచి సైన్సు చదవడానికి ఊరు దాటిన మొదటి ఆడపిల్ల ఆమే. ఆత్మకూరులో పిన్ని మస్తాన్బీ ఖాలా ఇంట్లో ఉండేది, శుక్రవారం సాయంత్రం బస్సెక్కి ఉదయగిరి వచ్చేది. వీధిలో కొందరికి మురిపెం, కొందరికి అనుమానం. అనుమానం ఉన్నవాళ్ళు కూడా బస్సు దిగగానే "ఏం చెప్పినారే ఈ వారం?" అని అడక్కుండా వదిలేవాళ్ళు కాదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఫిజిక్సు లెక్చరర్ వరప్రసాదం వెలుగు గురించి చెప్తున్నాడు. మనిషి పాఠం బాగానే చెప్తాడు, లెక్కలు నోటితోనే వేసేస్తాడు. కాకపోతే ముక్కు మీద కోపం. "సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. దీన్ని మించి ఏదీ పోలేదు. వస్తువూ పోలేదు, వార్తా పోలేదు. రాసుకోండి" అన్నాడు.

అందరూ రాసుకున్నారు. అవతలి కొసన తట్టగానే తన చెవికి వినిపించే కట్టెలు గుర్తొచ్చి బషీరున్నీసా లేచి నిలబడింది.

"సార్, ఇక్కణ్ణించి చందమామ దాకా ఒక కట్టె ఉందనుకోండి. పుచ్చు లేని గట్టి కట్టె. నేనిక్కడ తోస్తే ఆ కొస అప్పుడే కదులుతాది గదా? వెలుగు పోవాలంటే సెకను పైన పడతాది. కట్టె ముందుపోయినట్టే గదా సార్?"

వరప్రసాదం సుద్దముక్క కింద పెట్టాడు. "అంత కట్టె ఎవరు చేస్తారు? మీ నాయనా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది.

"చెయ్యలేరనేది జవాబు కాదు గదా సార్. ఉంటే ఏమవుతాదో చెప్పండి."

నిజం చెప్పాలంటే వరప్రసాదానికి ఆ జవాబు తెలియదు. కట్టె ఆ కొసన ఎందుకు వెంటనే కదలదో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. తెలియదు అని ఒక్క మాట అనేసి ఉంటే వ్యవహారం అక్కడే తేలిపోయేది. నాలుగక్షరాల మాట అది. కానీ బల్ల అవతల నిలబడి జీతం తీసుకునేవాళ్ళకు ఆ నాలుగక్షరాలు గొంతులో ముల్లులా అడ్డం పడతాయి.

"ఇది సైన్సు చదివే బుర్ర కాదమ్మాయ్. ఆర్ట్స్ గ్రూపులోకి మారిపో, హాయిగా ఉంటుంది" అన్నాడు.

బషీరున్నీసాకు ఒళ్ళు మండింది. మాటల్లోకి తండ్రిని లాగి నవ్వులపాలు చేసినందుకు సగం, అడిగినదానికి జవాబు చెప్పనందుకు సగం. "డిసెంబరులో మన కాలేజీలో సైన్సు ఎగ్జిబిషన్ ఉండాది గదా సార్. అక్కడ చూపిస్తాను, వార్త వెలుగు కంటే ముందు పోతాదని. చూపించలేకపోతే నేనే గ్రూపు మారతాను" అంది.

"నోటిమాట ఎందుకు, కాగితం రాసియ్యి."

రాసిచ్చింది. గ్రూపు మార్చమని ప్రిన్సిపాలుకు అర్జీ, కింద పూర్తి పేరుతో సంతకం. తారీఖు చోటు ఖాళీ. వరప్రసాదం దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. డిసెంబరులో గ్రూపు మారడమంటే ఆ ఏడాది చదువు గంగలో కలిసినట్టే. మళ్ళీ ఆర్ట్సులో మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆడపిల్ల సైన్సు చదువుతానని పోయి తిరిగొచ్చిందంటే, గరిటెల వీధిలో ఇంకో పిల్లను పంపడానికి ఇంకెన్నేళ్ళు పడుతుందో. ఇదంతా ఆమెకు తెలుసు. అందుకే అర్జీ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఎగ్జిబిషన్‌లో పెద్ద కట్టె పెడతానని మాత్రం చెప్పింది.

ఆ మాట చాలు, వీధికి పండగొచ్చినట్టయింది. వెలుగును ఓడించే కట్టె మా వీధిలోనే తయారవుతోందని ఒకటే హడావుడి. ఒక ఆదివారం ఇంటింటి నుంచీ కట్టెలు తెచ్చి, కొసలు చెక్కి, ఒకదాన్లో ఒకటి బిగించి అరవై అడుగుల పొడవున వీధిలో పరిచారు. యాసిన్ చిన్ననాటి నేస్తం, బస్సు డ్రైవరు మహబూబ్ సుభాని ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస దగ్గర బషీరున్నీసా కూర్చుంది. మేకలు తోలుకొస్తున్న పెంచలమ్మ, "ఇదేం అడ్డం రా నాయనా, నా మేకలు యాడ పొయ్యేది?" అని కేకలు పెడుతూనే తనూ నిలబడి చూసింది.

"తోస్తా ఉండా!" అని సుభాని అరిచి తోశాడు. ఈ కొస కదిలింది.

"అప్పుడే కదిలింది! నేను చూసినా!" అని పెంచలమ్మ సాక్ష్యం చెప్పింది.

"అయితే అయిపోయిందిలే. వెలుగు ఓడిపోయినట్టే. రేపు నేను సీతారామపురంలో నిలబడి తోస్తా, నువ్వు ఆత్మకూరులో పట్టుకో" అన్నాడు సుభాని. అందరూ చప్పట్లు కొట్టారు.

బషీరున్నీసా కూడా నవ్వింది కానీ లోపల ఏదో కుట్టింది. అప్పుడే కదిలిందని కళ్ళు చెప్తున్నాయి. దీపం వెలిగిస్తే వెలుగు కూడా అప్పుడే గోడకు చేరినట్టు కళ్ళు చెప్తాయి. కళ్ళ సాక్ష్యం ఇక్కడ చెల్లదు. మరి ఎవరి సాక్ష్యం చెల్లుతుంది? అక్టోబరంతా ఆ ఆలోచనతోనే గడిచింది. క్లాసులో ఆమెకు అప్పటికే "చందమామ కట్టె" అని పేరు పడిపోయింది. వరప్రసాదం హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి జేబు మీద ఒకసారి తట్టేవాడు.

నవంబరులో ఒక శుక్రవారం పొద్దుండగానే ఇల్లు చేరింది. యాసిన్ వరండాలో చేతికర్రలకు మెరుగు పెడుతున్నాడు. గుడ్డకు గుగ్గిలం పొడి అద్ది, కట్టెను నడిమిన గట్టిగా పట్టుకుని, కొస దాకా బలంగా లాగుతాడు. పాత జిడ్డంతా గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. అలా లాగినప్పుడు కట్టె కీచుమంటుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడే. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు.

ఆ రోజు యాసిన్ ముందు ఒక పొడుగు కర్ర, తర్వాత ఒక పొట్టి కర్ర రుద్దాడు. బషీరున్నీసా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"అబ్బా, ఈ రెండూ ఒకే మాదిరి ఎందుకు కూయవు?" అని తండ్రిని అడిగింది.

"ఎందుకు కూస్తాయి? పొడుగుది లావుగా ఏడుస్తాది, పొట్టిది సన్నంగా ఏడుస్తాది. మా తాత నాటి నుంచీ ఇంతే" అన్నాడు యాసిన్ తల ఎత్తకుండా.

"మందంలో ఏమన్నా తేడానా?"

"మందానికేం పని లేదు. పొడుగును బట్టే."

ఆమె పొట్టి కర్ర తీసుకుని తనే రుద్దింది. పొడుగుది రుద్దింది. దానికి సరిగ్గా సగం ఉన్న కర్ర ఏరుకుని రుద్దింది. అదే స్వరం, కానీ ఒక స్థాయి పైన. హార్మోనియం మీద సరిగమలు పాడి మళ్ళీ పై 'స'కు చేరినంత కచ్చితంగా ఉంది.

చెక్కపొట్టులోనే చతికిలబడిపోయింది. శబ్దమంటే ఊగులాట అని నెల కిందటే పాఠంలో చదివింది. ఇక్కడ ఊగేది ఏమిటి? గుడ్డ లాగిన లాగుడు కట్టెలో ఆ కొసకు పోయి, తగిలి, ఈ కొసకు వస్తోంది. మళ్ళీ పోతోంది, మళ్ళీ వస్తోంది. పొడుగు కట్టెలో దారి ఎక్కువ, కాబట్టి రాకపోకలు తక్కువ, కాబట్టి గొంతు లావు. సగం కట్టెలో సగం దారి, రెట్టింపు రాకపోకలు. లాగుడు కట్టెలో ప్రయాణం చేస్తోంది. ప్రయాణానికి టైము పడుతోంది. టైమే పట్టకపోతే పొడుగుకూ పొట్టికీ తేడా ఎందుకుంటుంది? అసలు పాటే ఎందుకుంటుంది?

అంటే వీధి వీధంతా చప్పట్లు కొట్టిన మాట తప్పు. ఆ కొస అప్పుడే కదలదు. కట్టెలో ఒక రవ్వ పక్క రవ్వను నెట్టాలి, అది ఆ పక్కదాన్ని నెట్టాలి. తోపు నడిచే పోవాలి. తను ఓడిపోయింది. వరప్రసాదం జేబులో ఉన్న అర్జీ గుర్తొచ్చింది.

"ఏందే, మొగం అట్ట పెట్టినావు?" అన్నాడు యాసిన్.

"నేను క్లాసులో చెప్పింది తప్పు అబ్బా. కట్టె వెలుగును గెలవలేదు. ఇప్పుడే తెలిసింది."

యాసిన్ గుడ్డ పక్కన పెట్టాడు. "తప్పా? గట్టిగా తెలిసిందా?"

"నీ కట్టెలే చెప్పినాయి."

"తప్పయితే తప్పని చెప్పు. పుచ్చు కట్టెకు మెరుగు పెట్టి అమ్మితే ఎన్నాళ్ళు దాగుతాది? నాలుగు రోజులకు గరిటె కూరలో ఇరుగుతాది, పేరు మనది పోతాది" అన్నాడు. అంతే, మళ్ళీ గుడ్డ అందుకున్నాడు. ఆ మాట బిడ్డకు ఎంత ఖరీదు పడుతుందో ఆయనకు తెలియదు. బషీరున్నీసాకు తెలుసు. ఒకసారి ఏడ్చింది కూడా, లోపలికి వెళ్ళి, చెంబెడు నీళ్ళతో మొహం కడుక్కుని.

కానీ మొహం కడుక్కుంటుంటే ఇంకో సంగతి తట్టింది. తప్పని తెలిస్తే చాలదు, తప్పు ఎంతో తెలియాలి. కట్టెలో తోపు ఎంత వేగంతో పోతుంది? గొంతు కొలిస్తే వేగం తెలుస్తుంది. గొంతు కొలవడానికి కాలేజీ లాబులో ట్యూనింగ్ ఫోర్కులున్నాయి. ఫోర్కు కొడితే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాని మీదే చెక్కి ఉంటుంది. ఆ ఫోర్కు గొంతూ కట్టె గొంతూ కలిస్తే పని అయిపోయినట్టే. ఏడుపు ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియదు. తడి మొహంతోనే బయటికి పరిగెత్తింది.

"అబ్బా! నాకు పదహారడుగుల కట్టె కావాల. బొటనవేలంత మందం. ఒక్క ముడి కూడా ఉండకూడదు."

యాసిన్ గుడ్డ ఆపి తలెత్తి చూశాడు. "పదహారడుగులా? ఓడిపోయినానంటివి గదే?"

"ఓడిపొయ్యేదాన్ని బాగా ఓడిపోతా."

సోమవారం లాబులో 512 అంకె ఉన్న ఫోర్కు రెండు వారాలు కావాలని అడిగితే వరప్రసాదం నవ్వాడు. "వెలుగును ఫోర్కుతో పొడుస్తావా?" అన్నాడు. అయినా ఇచ్చాడు. అటెండరు శీనయ్య రిజిస్టరులో రాసుకుని, "పోగొట్టబాకమ్మా, నా ప్రాణం తీస్తారు" అని ఫోర్కును గుడ్డలో చుట్టి అందించాడు.

యాసిన్ పాత ఇంటి దూలంలోంచి కోసిన టేకు బద్ద సంపాదించి, గుండ్రంగా చిత్రిక పట్టాడు. శుక్రవారం దాన్ని నడిమిన పట్టులో బిగించి గుగ్గిలం గుడ్డతో లాగాడు. కట్టె పాడింది. బషీరున్నీసా ఫోర్కు కొట్టి దాని కాడను చెక్క పెట్టె మీద ఆనించింది. కట్టె గొంతు లావుగా ఉంది. రెండు కొసల్లోనూ అంగుళం అంగుళం కోశారు. మళ్ళీ రుద్దారు, మళ్ళీ కోశారు. దగ్గరికి వచ్చేకొద్దీ రెండు గొంతులూ కలిసి వణకడం మొదలైంది. తొందరగా వణికితే ఇంకా దూరం ఉన్నట్టు, నిదానంగా వణికితే దగ్గరపడినట్టు. ఈ కిటుకు పుస్తకంలో ఉందని ఆమె చెప్పబోయే లోపలే యాసిన్ చెవితో పట్టేశాడు. చివర్లో రంపం పక్కన పెట్టి గాజుపెంకుతో గీకాడు. ఉన్నట్టుండి వణుకు ఆగిపోయింది. రెండు గొంతులు ఒక్కటైపోయాయి.

వీధిలోవాళ్ళు పని ఆపి గుమ్మాల్లోకి వచ్చారు. యాసిన్ టేపు పట్టి కొలిచాడు. పద్నాలుగున్నర అడుగులు.

డిసెంబరులో ఎగ్జిబిషన్ రోజు సుభాని తన బస్సు టాపు మీద ఆ కట్టెను రెండు తాళ్ళతో కట్టుకుని, గుంత వచ్చిన ప్రతిచోటా పెళ్ళికూతుర్ని తీసుకుపోతున్నంత జాగ్రత్తగా నడిపాడు. బస్సు ముప్పావుగంట ఆలస్యంగా ఆత్మకూరు చేరింది. ఎక్కినవాళ్ళంతా తిట్టారు. యాసిన్ మాత్రం కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి దారంతా ఆ తాడు పట్టుకునే కూర్చున్నాడు.

కాలేజీ హాలు కిటకిటలాడుతోంది. మార్కులు వెయ్యడానికి వచ్చింది నారాయణయ్య గారని, యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన పెద్దాయన. తెల్ల పంచె, చంకలో గొడుగు. అగ్గిపర్వతాలూ నీటి మరలూ అన్నీ ఓపిగ్గా చూసి పొడుగు కట్టె దగ్గరికి వచ్చి ఆగాడు. పక్కన వరప్రసాదం ఉన్నాడు. వెనకాల క్లాసంతా ఉంది.

"ఇదేనా చందమామ దాకా పోయే కట్టె?" అన్నాడు నారాయణయ్య. ఆయనకు ఎవరో ముందే చెప్పారన్నమాట.

బషీరున్నీసా గోడ దగ్గర నిలబడ్డ తండ్రి వైపు ఒకసారి చూసింది. "సార్, కట్టెతో వార్త పంపితే వెలుగు కంటే ముందు పోతాదని నేను క్లాసులో చెప్పినాను. అది తప్పు. ఎందుకు తప్పో చూపిస్తాను" అంది.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వరప్రసాదం చెయ్యి జేబు మీదికి పోయింది. "తనే ఒప్పుకుంది కదండీ, ఇంక చూసేదేముంది? తర్వాతి బల్లకు పోదాం" అన్నాడు.

"ఉండండి. తప్పు ఎందుకు తప్పో చెప్తానన్న పిల్లను నేను చూసి చాలా ఏళ్ళయింది" అన్నాడు నారాయణయ్య, గొడుగు బల్లకు ఆనించి.

ఆమె గుడ్డ పట్టి లాగింది. కట్టె పాడలేదు. చర్రుమని జారింది. మళ్ళీ లాగింది. మళ్ళీ చర్రుమంది. ఈసారి నవ్వులు బాహాటంగానే వినిపించాయి.

"చెయ్యి తడిగా ఉండాది బేటీ" అన్నాడు యాసిన్ గోడ దగ్గర నుంచే, ఇంట్లో చెప్పినంత మామూలుగా.

చూసుకుంది. అరచేతులు చెమటతో ముద్దగా ఉన్నాయి. నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దపొడి చేతులకు పట్టించుకుంది. గుడ్డ తిరగేసి గుగ్గిలం కొత్తగా అద్దింది. ఊపిరి బిగబట్టి నడిమి నుంచి కొస దాకా ఒక్క లాగు లాగింది.

కట్టె పాడింది. పెద్ద గొంతుతో, తేటగా, హాలు కిటికీ అద్దాలు జలదరించేటట్టు పాడింది. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పక్క గదిలోవాళ్ళు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు. ఆమె ఫోర్కు కొట్టి బల్ల మీద ఆనించింది. ఏది ఫోర్కో ఏది కట్టో తెలియలేదు.

"ఈ ఫోర్కు సెకనుకు ఐదువందల పన్నెండుసార్లు ఊగుతాది సార్. కట్టె గొంతు కూడా అదే. అంటే లాగుడు కట్టెలో ఈ కొస నుంచి ఆ కొసకు పోయి తిరిగి రావడం సెకనుకు ఐదువందల పన్నెండుసార్లు. కట్టె పద్నాలుగున్నర అడుగులు. పోనూ రానూ ఇరవైతొమ్మిది. గుణిస్తే వేగం వస్తాది."

"ఎంత? ఎవరైనా వెయ్యండి లెక్క" అన్నాడు నారాయణయ్య.

లెక్క అన్న మాట వినపడితే వరప్రసాదం చెయ్యి ఊరుకోదు. జేబులోంచి కాగితం లాగి, బల్ల మీద పరిచి, పెన్ను తీసి గబగబా వేసేశాడు. "పద్నాలుగు వేల ఎనిమిది వందల నలభై ఎనిమిది అడుగులు. అంటే... సెకనుకు నాలుగున్నర కిలోమీటర్లు" అన్నాడు. ఆ అంకె చూసి ఆయనకే ఆశ్చర్యమేసింది. పుస్తకంలో చెక్కలో శబ్ద వేగం అంతే ఉంటుంది.

"ఇక్కణ్ణించి ఉదయగిరి దాకా తిన్నగా కట్టె పెడితే నలభై అయిదు కిలోమీటర్లు సార్" అంది బషీరున్నీసా. "మా అబ్బా అక్కడ తోస్తే నాకిక్కడ తెలిసేటప్పటికి పది సెకన్లు. వెలుగు అయితే సెకనును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క కూడా పట్టదు. ఇంక చందమామకు పెడితే, ఈ రోజు ఈ టైముకు తోసిన తోపు రేపు దాదాపు ఇదే టైముకు చేరుతాది. ఆ లోపల మా సుభాని మామూ బస్సు ఉదయగిరికి నాలుగు ట్రిప్పులు తిరిగొస్తాది."

హాలంతా నవ్వింది. ఈసారి నవ్వు ఆమె పక్షాన ఉంది. వాకిట్లో బస్సు దగ్గర ఉండాల్సిన సుభాని వెనక వరుసలోంచి "అయిదు!" అని అరిచాడు.

నారాయణయ్య నవ్వలేదు. కళ్ళు చిట్లించి అడిగాడు. "టేకులో నాలుగున్నర. ఇనుములో ఇంకొంచెం. బొత్తిగా అణగని, సాగని వస్తువు ఏదన్నా దొరికిందనుకో. అప్పుడు?"

"అట్టాంటి కట్టెలో తోపుకు టైమే పట్టదు, అది పాడదు సార్. ఎంత రుద్దినా పలకదు. మా వీధిలో ముత్తాతల కాలం నుంచీ కట్టెలు తట్టి విని కొంటా ఉండారు. గొంతు పోయినవి ఎన్నో వచ్చినాయి. గొంతే లేని కట్టె ఒక్కటీ రాలేదు, అంటే అట్టాంటి వస్తువే లేదనే గదా."

పెద్దాయన మొహం విప్పారింది. అయినా వదల్లేదు. "కట్టె సంగతి వదిలెయ్. విదేశాల్లో ఈ ఏడాదే ఒక ప్రయోగం చేశారు. జంటగా పుట్టిన రెండు వెలుగు రవ్వలు. ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు పంపారు. ఇక్కడ ఒకదాన్ని చూడగానే, అక్కడిదాని లక్షణం దీనితో జోడీ కుదురుతుంది. మధ్యలో వెలుగు పోయే టైము కూడా లేదు. దీనితో వార్త పంపొచ్చని కొందరు ఆశపడుతున్నారు. నువ్వేమంటావ్?"

ఇది ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. వరప్రసాదం కూడా మెడ ముందుకు చాచి విన్నాడు.

"ఒకే చెక్కను నిలువునా చీల్చి రెండు గరిటెలు చేస్తాం సార్. ఏది ఎవరికి పోతాదో చూడకుండా పెట్టెల్లో పెట్టి ఒకటి కలిగిరికి, ఒకటి సోమశిలకు పంపినామనుకోండి. కలిగిరిలో పెట్టె తెరిచి ఎడమ ముక్క చూస్తే, సోమశిలలో కుడి ముక్క ఉండాదని అప్పుడే తెలుస్తాది. కానీ సోమశిల మనిషికి నేనేం వార్త చెప్పినట్టు? నాకు ఏ ముక్క రావాలో నా చేతిలో లేదు గదా. నా చేతిలో లేనిదాంతో నా మాట ఎట్ట పంపేది?"

నారాయణయ్య తల ఊపాడు. "అసలు సంగతి నీ గరిటెల కంటే చాలా వింతైనదమ్మా. ఆ రవ్వలకు ముందుగా ఎడమా కుడీ ఉండవు. దాని గురించి పెద్ద పెద్దవాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నారు. కానీ నువ్వు పట్టుకున్న కొస సరైన కొస. ఏమొస్తుందో మన చేతిలో లేదు, అందుకే మాట పోదు" అన్నాడు. తర్వాత హాలు వైపు తిరిగి గొంతు పెంచాడు. "నలభయ్యేళ్ళు పాఠం చెప్పాను. ఈ కట్టె ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. తను అడిగిన ప్రశ్నను తనే ఓడించి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. మొదటి బహుమతి ఇక్కడే."

చప్పట్లు మొదలయ్యాయి. చందమామ కట్టె అని వెక్కిరించినవాళ్ళే ముందు కొట్టారు. ఒకడు బల్లెక్కి ఈల కూడా వేశాడు. శీనయ్య ఫోర్కు ఎక్కడ పడిపోతుందోనని దాన్ని గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. బషీరున్నీసాకు ఆనందం పట్టలేక నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. వెలుగు గెలిచింది, తను చెప్పింది ఓడింది, అయినా గెలిచింది తనే.

అప్పుడు వరప్రసాదం పెన్ను మూసి కాగితం మడవబోయి, తిరగేసి చూశాడు. మొహం మారిపోయింది. ప్రిన్సిపాలు గారికి అని పైన, బషీరున్నీసా అని కింద. లెక్క వేసింది ఆమె అర్జీ వెనకాల.

నారాయణయ్య తర్వాతి బల్లకు వెళ్ళేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు. తర్వాత కాగితం ఆమె చేతికిచ్చాడు. "లెక్క సరిచూసుకో. తప్పుంటే చెప్పు" అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "ఆ రోజు నువ్వడిగావు చూడు... నాకు తెలియదమ్మా. తెలియదు. సోమవారం క్లాసుకు ఈ కట్టె తీసుకురా, నాకూ పాడించడం నేర్పుదువు గాని." సైన్సు క్లాసుకు రమ్మనే ఆ మాట విన్నాక గానీ తన గ్రూపు మారదని ఆమెకు నమ్మకం కలగలేదు.

కట్టెను లాబులో పెట్టి సాయంత్రం బస్సెక్కారు. బస్సు కదిలాక బషీరున్నీసా కాగితం తండ్రికిచ్చింది. యాసిన్‌కు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. ముందు లెక్క చూశాడు. తర్వాత తిరగేశాడు. పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు, సంతకం దాకా.

"ఇది ఎప్పటిది?"

"సెప్టెంబరుది."

"తప్పని చెప్పమని నేనన్నప్పుడు ఇది ఆయన జేబులో ఉండిందా?"

"ఉండింది అబ్బా."

యాసిన్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి పక్కకు చూడకుండానే చెయ్యి చాపి బిడ్డ తల మీద పెట్టాడు. పొద్దున తాడు పట్టుకున్నంత గట్టిగా, ఉదయగిరి వచ్చేదాకా తియ్యలేదు.

దిగేసరికి వీధంతా బస్టాండులో ఉంది. పెంచలమ్మ మేకలతో సహా వచ్చింది. "గెలిచిందా ఓడిందా, ముందది చెప్పు" అని సుభాని మీద పడింది. "ఓడి గెలిచింది" అని అతను బస్సు హారను ఊరంతా వినపడేటట్టు మోగించాడు. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు, అయినా అందరూ కేరింతలు కొట్టారు.

ఇంటికి రాగానే యాసిన్ మైదాపిండి కలిపాడు. పనిముట్లు తగిలించే గోడ మీద, అందరికీ కనపడే చోట, ఆ కాగితం అతికించాడు. లెక్క వైపు బయటికి. అర్జీ వైపు పిండి పూసి, అరచేత్తో నాలుగు మూలలా గట్టిగా అదిమాడు, ఇంకెప్పుడూ ఊడి రాకుండా.